పదిహేడో నంబరు ఫిలిం

“ఆ లిస్టు టైప్ కొట్టింది నువ్వే కదా!” అన్నాడు ప్రభాకర్.

సంధ్య వంటింట్లో కింద కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

“నేనే. మీరు చదువుతుంటే నేను కొట్టిన. పదిహేడో నంబరు కాడ ఆగి, ఇది బావ ఫిలిం కదా అని అడిగిన. పేరు వేరేటాయనది ఉన్నది, ఏం గాదు కొట్టు అన్నరు.”

“అప్పుడే గట్టిగ అడగాలె నువ్వు.”

“ఓహో. గట్టిగ అడగకపోవుడు నా తప్పా?”

ప్రభాకర్ ఏదో అనబోయి మానుకున్నాడు. హాల్లో అన్న ఉన్నాడు. గోడకు ఒక దిండు ఆనించి, ఆ దిండుకు నడుం ఆనించి, ఆపేసి ఉన్న టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు లచ్చన్న. అరబ్బుల దేశంలో ఖురియాత్ ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన ఈ క్వార్టర్‌లో గోడలు పలచన. వంటింట్లో గుసగుసలాడినా హాల్లోకి వినిపిస్తుంది. వినిపిస్తోందని ముగ్గురికీ తెలుసు. అయినా గుసగుసగానే పోట్లాడుకుంటున్నారు.

బుధవారం సాయంత్రం లచ్చన్న కంపెనీ కూలీల క్యాంపు నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి చెప్పిన మాట ఒకటే.

“తమ్మీ, మా రూము ఖాదర్‌కు ఎగ్జిట్ కొట్టిన్రు, ఇంటికి పొమ్మన్నరు. నడుము ఖరాబయ్యిందట. సోమవారం ఫ్లైటు.”

ఖాదర్ నడుం ఖరాబు కాలేదు. ఖరాబైంది లచ్చన్నది.

ఎనిమిది నెలల కిందట లచ్చన్న నొప్పికి ఓర్చుకోలేకపోయాడు. అతని బతాకా, అంటే ఆ దేశంలో పనివాడి ప్రాణం లాంటి గుర్తింపు కార్డు, రెన్యువల్ కోసం కంపెనీ ఆఫీసులో ఇరుక్కుంది. అది లేకుండా ఆస్పత్రిలో ఎక్స్‌రే ఫిలిం తియ్యరు. రూమ్‌లో మేకుకు తగిలించిన ఖాదర్ చొక్కా జేబులోంచి ఖాదర్ బతాకా తీసుకుని వచ్చాడు. ఆస్పత్రిలో ఎముకల డాక్టర్ తమ్ముడే. ఒక్క ఫిలిమే కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నారు అన్నదమ్ములు. ఫిలిం మూలన ఖాదర్ పేరు పడింది, ఖాదర్ నంబరు పడింది. లోపల మాత్రం లచ్చన్న వెన్నెముక. ఒక పూస ముందుకు జారిపోయి ఉంది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆరోగ్య విధానాల మీద డాక్టర్లకు ఇచ్చే ఏడాది ఫెలోషిప్‌కు ప్రభాకర్ అప్పటికే ఎంపికయ్యాడు. ఎలా వైద్యం చెయ్యాలో చదువుకున్నవాళ్లకు, ఎలాంటి నియమం పెడితే వైద్యం అవసరం రాకుండా ఉంటుందో నేర్పే చదువు అది. వారం వారం కొండల దారిలో కారు నడుపుకుంటూ రాజధానిలోని అల్ ఖువైర్ వెళ్లి క్లాసులు విన్నాడు. చివర్లో ఒక పేపర్ రాయాలి. బరువులు మోసే కూలీల నడుముల మీద రాశాడు. ఇరవై ముగ్గురి ఫిలింలు చూపించి, ఇలాంటి వాళ్ల చేత బరువులు మోయించకూడదు, తేలికపాటి డ్యూటీ ఇవ్వాలి అని సిఫార్సు చేశాడు. పేపర్ బాగా కుదిరింది. పదిహేడో ఫిలిం అన్నిటికంటే బాగా కుదిరింది.

ఆ సంబరంలో పేపర్‌ను కంపెనీ ఇంజనీరుకు తన చేత్తోనే ఇచ్చాడు, వెనక ఉన్న పేర్లు, బతాకా నంబర్ల లిస్టుతో సహా. మంచి జరుగుతుందనే ఇచ్చాడు. కంపెనీలో తేలికపాటి డ్యూటీలు లేవు. మొదటి విడతలో ఆరుగురికి ఎగ్జిట్ కొట్టారు.

ఈ ఇంట్లో రెండు రోజులుగా ఖాదర్ గురించే గొడవ. మిగతా ఐదుగురి పేర్లు కూడా ఎవరూ అడగలేదు. వాళ్లకు నిజంగానే నడుములు పోయాయి కాబట్టి వాళ్ల సంగతి న్యాయంగానే ఉన్నట్టు.

“రేపు పొద్దున తొమ్మిదింటికి నా ప్రజెంటేషన్,” అన్నాడు ప్రభాకర్ గొంతు ఇంకా తగ్గించి. “మాకు క్లాసులు చెప్పే డాక్టర్ యాసిర్ ఫోన్ చేసిండు నిన్న. ‘ఒక కాగితం పోయి ఒక కంపెనీని కదిలించింది, ఇన్నేండ్ల క్లాసుల్ల ఇట్ల ఎవ్వరూ చెయ్యలే’ అన్నడు.”

“మీరేమన్నరు?”

“థాంక్యూ అన్న.”

సంధ్య చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది. కోపం రావాలి. రాలేదు. ఏడుపు కూడా రాలేదు. రెండు రోజులుగా ఆమెకు ఏదీ అంటుకోవడం లేదు. అన్నం తిన్నానో లేదో కూడా గిన్నె చూసుకుంటే గానీ గుర్తు రావడం లేదు.

“చెప్పండి వాళ్లకు. పొరపాటయ్యిందని చెప్పండి.”

“చెప్తే ఏమైతదో నీకు తెల్వదా? వేరేటోని బతాకా మీద సొంత అన్నకు ఫిలిం తీసిన డాక్టర్‌ని నేను. ఫెలోషిప్ పోతది, నౌకరి పోతది. అన్నను ఇంటికి పంపుడు కాదు, ముందు లోపలేస్తరు. మళ్ల ఈ దేశంల అడుగు పెట్టనియ్యరు.”

“చెప్పకపోతే?”

“చెప్పకపోతే... ఖాదర్ పోతడు. పోయినోడు ఇంకో దేశం వీసా తెచ్చుకుంటడు. ఆరోగ్యంగ ఉన్న మనిషి.”

“నడుము ఖరాబు అని కాగితం మీద పడ్డాక ఎవరిస్తరు?”

ప్రభాకర్ ఫ్రిజ్ తెరిచి, ఏమీ తీయకుండా మళ్లీ మూశాడు.

“సంధ్యా,” అని హాల్లోంచి పిలిచాడు లచ్చన్న. “జర చాయ్ ఉంటె పొయ్యరాదు.”

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అది పిలుపు కాదు, మీ మాటలన్నీ వింటున్నాను అని చెప్పడం.

సంధ్య చాయ్ తీసుకెళ్లి ఇచ్చింది. ప్రభాకర్ వెనకే వచ్చి అన్నకు ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. ఇంట్లో సోఫా ఉంది. లచ్చన్న దాని మీద ఎప్పుడూ కూర్చోడు. కూర్చుంటే లేవలేడు.

“నువ్వు చెప్పన్నా. నువ్వెట్ల అంటే అట్ల చేస్త.”

“నేనేమంట తమ్మీ. సదువుకున్నోనివి నువ్వు.”

“చదువుకున్నోళ్లే కదా బావా ఇదంత చేసింది,” అంది సంధ్య.

లచ్చన్న చాయ్ గ్లాసులోకి చూశాడు. ప్రభాకర్ పదో తరగతిలో ఉండగా లచ్చన్న ఈ దేశం వచ్చాడు. ఇటుకలు మోశాడు, సిమెంటు బస్తాలు మోశాడు. తమ్ముడు ఎముకల డాక్టర్ అయ్యేసరికి అన్న ఎముకలు అరిగిపోయాయి. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ అనరు. అనకపోయినా అన్నదమ్ముల మధ్య అది ఎప్పుడూ కూర్చునే ఉంటుంది.

“ఖాదర్ బదులు నేను పోత అని నేనే అనాలని చూస్తున్నవు కద,” అన్నాడు లచ్చన్న సంధ్యతో. కోపంగా కాదు, కంపెనీ బస్సు ఎన్ని గంటలకని అడిగినట్టు అన్నాడు.

సంధ్య అబద్ధమాడలేదు. “అవును బావా.”

“అందామనే బుధవారం వచ్చిన. నోట్లకెళ్లి వస్తలేదు.”

“ఎందుకు? అక్క ఉన్నది, సొంత ఇల్లున్నది. ఇంక ఎన్నేండ్లు మోస్తరు?”

లచ్చన్న గ్లాసు కింద పెట్టాడు.

“ఇంటికి పోతె ఏం జెయ్యాలె సంధ్యా? పందొమ్మిదేండ్లాయె. రెండేండ్లకోసారి పోయి నెలరోజులుంట. ఇరువై రోజులు దాటంగనే మీ అక్క అడుగుతది, టికెట్ ఎన్నడని. పొమ్మని కాదు. కనకవ్వకు గదే అలవాటు. నాగ్గూడ గదే అలవాటు. ఆ ఇంట్ల నేను ఏడ కూసోవాల్నో నాకు ఎర్కలేదు. ఆడ కూసుంటె ఆమె ఊడుస్తనంటది, ఈడ కూసుంటె బియ్యం ఆరబోస్తనంటది. ఈడ క్యాంపుల నా మంచం ఏదో నాకెర్క. పొద్దుగాల లేస్తె ఏడికి పోవాల్నో ఎర్క.”

ప్రభాకర్ ముఖం తిప్పుకున్నాడు.

“ఖాదర్‌కు మస్తు అన్యాలమైతుంది. నాకెర్కలేదా? తొమ్మిదేండ్లాయె మాయి పక్కపక్క మంచాలు. కని నోట్లకెళ్లి వస్తలేదు తమ్మీ. నేనేం జేతు.”

సంధ్యకు అతని మీద జాలి కలగాలి. కలిగింది కూడా. కాకపోతే ఆ జాలి కూడా ఎవరిదో అయినట్టు దూరంగా ఉంది. ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది.

ముగ్గురూ భోజనాలకు కూర్చున్నారు. ప్రభాకర్ పప్పు బాగుందన్నాడు. పప్పులో ఉప్పు లేదు. లచ్చన్న కూడా తలూపాడు. ఉప్పు వెయ్యలేదని సంధ్యకు ఆఖరి ముద్దలో గానీ తెలియలేదు.

రెండున్నరకు కాలింగ్ బెల్ మోగింది.

ప్రభాకర్ తలుపు తీశాడు. గుమ్మంలో ఖాదర్. ఉతికిన తెల్ల చొక్కా, నెత్తిన టోపీ, చేతిలో ప్లాస్టిక్ కవర్‌లో హల్వా. శుక్రవారం జుమ్మా నమాజు చేసుకుని నేరుగా వచ్చినట్టున్నాడు.

“సలామ్ సార్. సోమవారం పోతాండానని హల్వా తెచ్చినా. పిలవకుండా వచ్చినందుకు ఏమనుకోవద్దండి.” లోపలికి తొంగి చూశాడు, అతని ముఖం విప్పారింది. “లచ్చన్నా! నువ్వీడనే ఉండావా? మంచిదైంది. నువ్వన్నా సార్‌కి చెప్పు నా గురించి.”

దొంగకు తేలు కుట్టినట్టయింది లచ్చన్నకు. లేవలేడు, లేవకుండా ఉండలేడు. “రా ఖాదర్, కూసో,” అని మాత్రం అన్నాడు.

ఖాదర్ వెంటనే కూర్చోలేదు. ముందు తలుపు పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని, ఒళ్లంతా గాజుతో చేసినట్టు మెల్లగా సోఫా అంచున ఒదిగాడు. ముప్పై ఆరేళ్ల మనిషి. పోయిన నెల ఇదే ఇంటికి గ్యాస్ సిలిండర్ భుజం మీద పెట్టుకొచ్చిన మనిషి. సంధ్య తన కళ్లతో చూసింది.

“నాకు నడుము బాగలేదంట గదా సార్,” అన్నాడు.

ప్రభాకర్ సోఫా దగ్గరికి జరిగాడు. “నొప్పి ఉందా?”

“ఇప్పుడుండాది సార్. మొన్నటిదాకా లేదు. ఆఫీసులో ఆ ఇంగ్లీషు కాగితం చదివి చెప్పినారు చూడండి, ఆ పొద్దు నుంచి మొదలైంది. వంగాలంటే భయం. మనిషికి లోపల ఏముండాదో వానికేం తెలుస్తాది? మీరు సదువుకున్నోళ్లు, ఫిలింలో చూసినోళ్లు. అందుకే ఒకసారి చెయ్యి పెట్టి చూడండి సార్. నాకదే చాలు.”

ప్రభాకర్ అతన్ని చాప మీద బోర్లా పడుకోబెట్టాడు. చొక్కా పైకి జరిపి, వెన్ను మీద వేళ్లతో ఒక్కొక్క పూసా నొక్కుతూ వచ్చాడు. పదేళ్లుగా వేల మందిని చూసిన చేతులు. ఒక్క పూస కూడా జారలేదు, ఎక్కడా గట్టి పడలేదు. ఆ వెన్ను ఇంకో ముప్పై ఏళ్లు బస్తాలు మోస్తుంది.

“ఇక్కడ?”

“నొప్పి సార్.”

“ఇక్కడ?”

“ఆడగూడా నొప్పే.”

లచ్చన్న గోడ వైపు చూస్తున్నాడు.

“నమాజు గూడా కుర్చీలో కూసోని చేస్తాండా సార్,” అన్నాడు ఖాదర్ చాపలోకి ముఖం పెట్టి. “ఈ పొద్దు జుమ్మాకు ముసలోళ్ల పక్కన కుర్చీ ఏసినారు. మా ఊరోళ్లు చూసి అడిగితే సిగ్గయింది. వంగొచ్చా సార్ నేను?”

చెప్పేస్తాడని సంధ్య అనుకుంది. వంటింటి గుమ్మంలో నిలబడి భర్త నోటి వైపే చూసింది. అతని పెదవులు కదిలాయి కూడా.

“మెల్లగ వంగు. ఏం కాదు,” అన్నాడు ప్రభాకర్. “గోలీలు రాసిస్త.”

సంధ్య గుమ్మానికి ఆనుకుంది. పదకొండేళ్ల కాపురంలో ఈ మనిషి పేషెంటుకు అబద్ధం చెప్పడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఖాదర్ లేచి చొక్కా సర్దుకున్నాడు. “గోలీలు వద్దులేండి సార్. ఆ ఫిలిం ఒక్కటి ఇప్పించండి. మా బామ్మర్ది మద్రాసులో ఒక డాక్టరుతో మాట్లాడినాడు. ఫిలిం తెచ్చుకోని వస్తే చాలు, కోసి రెండు స్క్రూలు బిగిస్తాడంట. తర్వాత మళ్లీ పని చేసుకోవచ్చంట. దిగంగానే నేరుగా అక్కడికే పోతా.”

“ఆపరేషనా?” అన్నాడు ప్రభాకర్.

“అవును సార్. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.”

“ఆపరేషన్ ఎందుకు... వాళ్లు మళ్ల ఫిలిం తీసి చూసినంకనే ఏదన్న...” ప్రభాకర్ మాట మధ్యలో ఆగిపోయింది. తీస్తారని తన మనసుకు చెప్పుకున్నాడు. ఏ డాక్టరైనా తీస్తాడు. తీయకుండా కొయ్యడు. “ఫిలిం ఇక్కడ లేదు ఖాదర్. ఆస్పత్రిల ఉన్నది. ఆదివారం చూద్దాం.”

ఫిలిం ఆస్పత్రిలో లేదు. రేపు చూపించడానికి ఏరి పెట్టుకున్న ఐదు ఫిలింలలో కలిసి, పడకగదిలో బ్రౌన్ కవర్‌లో ఉంది. పొద్దున ఇస్త్రీ బట్టలు పెడుతూ సంధ్యే దాన్ని పక్కకు జరిపింది.

రెండు స్క్రూలు. ఏ జబ్బూ లేని ఆ మనిషి వెన్నులో.

రెండు రోజులుగా ఆమెకు అంటుకోనిది ఆ మాటతో అంటుకుంది. కోపం కాదు, భయం. తాను టైప్ కొట్టిన అంకె ఒకటి ఎక్కడో ఒక బల్ల మీద ఒక మనిషిని కొయ్యబోతోందన్న భయం. లోపలికి వెళ్లింది. కవర్ తెరిచి, పదిహేడో నంబరు ఫిలిం తీసి, హాల్లోకి తెచ్చి ఖాదర్ చేతిలో పెట్టింది.

“సంధ్యా!” అన్నాడు ప్రభాకర్.

“ఇంట్లనే ఉన్నది. మీరు మర్చిపోయినట్టున్నరు.”

ఖాదర్ సంబరంగా ఫిలిం అందుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. మూలన తన పేరు చూసుకున్నాడు. ఎముకలు అతనికేం అర్థం కాలేదు. కళ్లు చిట్లించి కిందికి చూశాడు.

“ఇదేంది సార్? నడుము కాడ తాళంచెవి మాదిరి ఉండాది?”

మాదిరి కాదు, తాళంచెవే. చిన్నది, ట్రంకు పెట్టెది. లచ్చన్న దాన్ని మొలతాడుకు కట్టుకుంటాడు. ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ తియ్యమంటే, నా పెట్టె తాళం ఎవ్వలికియ్య అని మొండికేశాడు. నడుము కనిపిస్తే చాలు, ఉండనియ్యి అన్నాడు ప్రభాకర్. రేపు చూపించేటప్పుడు ఆ చోట నల్ల కాగితం ముక్క అంటించాలని అనుకున్నాడు కూడా. ఇంకా అంటించలేదు.

ఖాదర్‌కు మొలతాడు లేదు. కానీ ఆ తాళంచెవి తెలుసు. మొలతాడు విప్పకుండా, పెట్టెకు నడుం ఆనించి, అవస్థ పడుతూ తాళం తీసే లచ్చన్నను చూసి తొమ్మిదేళ్లుగా రోజూ సాయంత్రం నవ్వుతూనే ఉన్నాడు.

ఫిలిం దించి లచ్చన్న వైపు చూశాడు.

లచ్చన్న చెయ్యి దానంతటదే లుంగీ మీదుగా నడుం దగ్గరికి పోయింది. పోయిందని తెలిసి వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే ఖాదర్ చూశాడు.

కింద వీధిలో చేపల బండివాడు అరుస్తూ పోయాడు.

“రంజాన్ ముందర ఒక పొద్దు నా బతాకా కనపడలేదు,” అన్నాడు ఖాదర్ చివరికి. గొంతు పెంచలేదు. “రూమంతా ఎతికినా. పోలీసులు పట్టుకుంటారని ఏడిస్తి. నువ్వు గూడా నాతో ఎతికితివి లచ్చన్నా. సాయంత్రం మంచం కింద దొరికిందని నువ్వే తెచ్చిస్తివి. నీకు చాయ్ తాపిస్తి ఆ పొద్దు.”

“తాపిచ్చినవ్,” అన్నాడు లచ్చన్న.

“ఖాదర్, నేను చెప్త విను...” ప్రభాకర్ ఒక అడుగు ముందుకు వేశాడు.

ఖాదర్ వినలేదు. లేచి నిలబడ్డాడు. ఈసారి తలుపూ పట్టుకోలేదు, గోడా పట్టుకోలేదు. నిటారుగా నిలబడి, ఫిలింను జాగ్రత్తగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

“రేపు అల్ ఖువైర్‌లో మీ పెద్ద మీటింగ్‌కు మా ఇంజనీరు గూడా వస్తాడంట గదా సార్. క్యాంపులో అనుకుంటాండారు. మీ కార్లో నాకు చోటుంటాదా?”

ప్రభాకర్ అన్న వైపు చూశాడు, ఖాదర్ చంకలోని ఫిలిం వైపు చూశాడు, భార్య వైపు మాత్రం చూడలేకపోయాడు.

“ఉంటది,” అంది సంధ్య. “ఆరింటికే బయల్దేరుతం. మీకూ బావకూ, ఇద్దరికీ ఉంటది.”